పంపిన మెయిల్‌లో బీసీసీ పేర్లు ఎక్కడ ఉంటాయి, ఎవరికి కనబడతాయి

మిర్యాలగూడలో ఒక బియ్యం మిల్లు ఆఫీసు అనుకోండి. గుమాస్తా ప్రతి సోమవారం ఆ వారం రేట్లు టైపు చేసి ముప్ఫై మంది డీలర్లకు ఒకే మెయిల్ కొడతాడు. ఒకరి అడ్రసు ఇంకొకరికి తెలియకూడదు కాబట్టి అందరినీ బీసీసీలో పెట్టి, టు దగ్గర మిల్లు అడ్రసే రాస్తాడు. నెల తిరిగాక సూర్యాపేట డీలర్ ఫోన్ చేసి, మాకు కొత్త రేట్లు రానేలేదు, పాత రేటుకే ఇయ్యాలె అంటాడు. గుమాస్తా సెంట్ ఫోల్డర్ తెరిస్తే మిల్లు నుంచి మిల్లుకే మెయిల్ పోయినట్టు కనబడుతుంది. "ఇండ్ల ఒక్క డీలర్ పేరు గూడ లేదు కదా, అసలు పంపినవా?" అని సేటు అడిగితే అతని దగ్గర జవాబు ఉండదు.

పేర్లు ఎక్కడికీ పోలేదు, చాలావరకు అక్కడే ఉన్నాయి. కానీ జనం ఇక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలను ఒకటే అనుకుంటారు. నేను పంపిన మెయిల్‌లో నేను దాచిన పేర్లు నాకు కనబడతాయా అన్నది మొదటిది. నాకు వచ్చిన మెయిల్ నాకు తెలియకుండా ఇంకెవరికి వెళ్లిందో నేను కనుక్కోగలనా అన్నది రెండోది. మా ఆఫీసులో ఒకరు ఎవరెవరికి బీసీసీ పెట్టారో ఆఫీసు తెలుసుకోగలదా అన్నది మూడోది. మొదటిదానికి జవాబు దాదాపు ఎప్పుడూ అవును, రెండోదానికి దాదాపు ఎప్పుడూ కాదు, మూడోదానికి మెయిల్ ఎవరి సర్వర్ మీద నడుస్తుందో దాన్ని బట్టి ఉంటుంది. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే మెయిల్ ఎలా కదులుతుందో కొంచెం చూడాలి.

టు, సీసీ, బీసీసీ

టు అంటే మెయిల్ ఎవరిని ఉద్దేశించి రాశామో వాళ్లు. సీసీ అంటే విషయం తెలియడానికి నకలు పొందేవాళ్లు. టైపు మిషన్ల రోజుల్లో రెండు కాగితాల మధ్య కార్బన్ పేపర్ పెట్టి తీసిన నకలు నుంచి వచ్చింది ఆ పేరు. బీసీసీ అంటే మిగతావాళ్లకు తెలియకుండా నకలు పొందేవాళ్లు, అదీ అప్పటిదే. అసలు ఉత్తరం మీద ఆ వరుస టైపు చేయరు, రహస్యంగా నకలు అందుకునేవాడి కాగితం మీదా, ఆఫీసు ఫైలులో ఉండే కాపీ మీదా మాత్రమే కొడతారు. ఫైలు తీసి చూసుకుంటే ఎవరికి పంపామో ఆఫీసుకు తెలుస్తుంది, ఉత్తరం అందుకున్న పెద్దమనిషికి తెలియదు. మెయిల్ రూపకల్పన చేసినవాళ్లు ఈ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకున్నారు. 1977లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 733 అనే ప్రమాణ పత్రంలోనే బీసీసీ ఉంది, ఇప్పుడు అమల్లో ఉన్న 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5322 లోనూ ఉంది.

మెయిల్ చేరడం వరకు ఈ మూడింటికీ తేడా ఏమీ లేదు, అందరికీ అదే ఉత్తరం, అదే అటాచ్‌మెంట్. తేడా అంతా పేరు ఎక్కడ రాసి ఉంటుంది అన్నదాంట్లోనే.

కవరు మీద ఉన్న పేర్లు, ఉత్తరంలో ఉన్న పేర్లు

మనం సెండ్ నొక్కగానే మెయిల్ ప్రోగ్రామ్ సర్వర్‌తో ఒక చిన్న సంభాషణ జరుపుతుంది. ఆ సంభాషణ నియమాలకే ఎస్‌ఎమ్‌టీపీ అని పేరు. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821లో ఖరారైన ఆ నియమాల అస్థిపంజరం ఈరోజుకీ మారలేదు. మిల్లు ఉదాహరణే తీసుకుంటే మాటలు సుమారుగా ఇలా నడుస్తాయి. ఈ మెయిల్ మిల్లు అడ్రసు నుంచి వస్తోంది అంటుంది ప్రోగ్రామ్. సర్వర్ సరే అంటుంది. ఇది మిల్లుకు ఇవ్వాలి. సరే. సూర్యాపేట డీలర్‌కు ఇవ్వాలి. సరే. జడ్చర్ల డీలర్‌కు, వనపర్తి డీలర్‌కు, అలా ఒక్కొక్క అడ్రసు చెబుతూ పోతుంది. అందరూ అయ్యాక, ఇదిగో ఉత్తరం అని అసలు పాఠం అందిస్తుంది. ఆ పాఠం పైన ఫ్రమ్, టు, డేట్, సబ్జెక్ట్ అని వరుసలుంటాయి. వీటిని హెడర్లు అంటారు.

మొదట ఒక్కొక్కటిగా చెప్పిన అడ్రసుల జాబితాను సాంకేతికంగా ఎన్వలప్ అంటారు, అంటే కవరు. తపాలావాడు కవరు మీద ఉన్నది చూసి ఇస్తాడు కానీ లోపలి ఉత్తరంలో ఎవరి పేరు రాశారో చదవడు కదా, సర్వర్ కూడా అంతే. లోపల టు దగ్గర ఏం రాసినా, అసలు ఏమీ రాయకపోయినా, కవరు మీద పేరున్న అందరికీ మెయిల్ చేరుతుంది. చేరాక కవరు పారేస్తారు. అందుకున్నవాడి ఇన్‌బాక్స్‌లో మిగిలేది ఉత్తరం మాత్రమే.

బీసీసీ రహస్యం ఇంతే. అడ్రసులు కవరు మీద ఉంటాయి, ఉత్తరంలోని హెడర్లలో ఉండవు. ఇందులో తాళం వేసి దాచినది ఏమీ లేదు, విప్పడానికి కిటుకూ లేదు. అందుకున్నవాడి దగ్గరున్న కాపీలో ఆ పేర్లు మొదటి నుంచీ లేవు.

పంపినవాడి కాపీ ఎందుకు వేరు

సెంట్ ఫోల్డర్‌లో కనబడేది నిజానికి వెళ్లిన మెయిల్ కాదు. అది మన ప్రోగ్రామ్ కానీ, మన సర్వర్ కానీ మన కోసం విడిగా దాచిన నకలు. కార్బన్ కాలపు ఆఫీసు ఫైలు కాపీ లాంటి పనే ఇదీ చేస్తుంది కాబట్టి, చాలా ప్రోగ్రామ్‌లు ఈ నకలులో బీసీసీ వరుసను ఉంచుతాయి. మరి మిల్లు గుమాస్తాకు ఎందుకు కనబడలేదు? ఎందుకంటే అతను చూసింది ఫోల్డర్‌లోని లిస్టు. ఒక్కో మెయిల్‌కు ఒక్క వరుస మాత్రమే చూపే ఆ లిస్టులో ఎక్కువ ప్రోగ్రామ్‌లు టు దగ్గర ఉన్నదే వేస్తాయి.

జీమెయిల్‌లో సెంట్‌లోని మెయిల్‌ను తెరిస్తే పంపినవారి పేరు కింద చిన్న బాణం గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే ఫ్రమ్, టు, బీసీసీ, డేట్ అని ఒక చిన్న పట్టీ విచ్చుకుంటుంది. ఔట్‌లుక్‌లో సెంట్ ఐటమ్స్‌లోని మెయిల్‌ను డబుల్ క్లిక్ చేసి విడిగా తెరిస్తే పైభాగంలో బీసీసీ వరుస వస్తుంది, పేర్లు ఎక్కువైతే ముడుచుకుని ఉంటుంది, విప్పి చూడాలి. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో అయితే ఇంకో చిక్కు ఉంది. టు ఖాళీగా వదిలి అందరినీ బీసీసీలోనే పెడితే, ఆ ప్రోగ్రామ్ టు స్థానంలో 'అన్‌డిస్‌క్లోజ్డ్ రెసిపియెంట్స్' అని తనే రాస్తుంది, అది చూసి చాలామంది పేర్లు చెరిగిపోయాయని బెంబేలు పడతారు. మెయిల్ తెరిచి కంట్రోల్‌తో యు నొక్కితే మెయిల్ మూలపాఠం మొత్తం వస్తుంది, అందులో బీసీసీ అని మొదలయ్యే వరుసలో అందరూ ఉంటారు.

వెతకడం విషయానికొస్తే, ఫలానా డీలర్‌కు ఎప్పుడెప్పుడు బీసీసీ పెట్టామో తెలుసుకోవాలంటే ఒక్కొక్క మెయిల్ తెరవాల్సిన పని లేదు. జీమెయిల్ వెతుకు పెట్టెలో ఇంగ్లిష్‌లో బీసీసీ అని రాసి, కోలన్ పెట్టి, ఆ పక్కనే అడ్రసు రాస్తే ఆ అడ్రసును బీసీసీలో పెట్టి పంపినవన్నీ వస్తాయి. వెబ్‌లో తెరిచే ఔట్‌లుక్‌లోనూ ఇదే మాట పనిచేస్తుంది. థండర్‌బర్డ్ సెర్చ్‌లో ఫ్రమ్, టు, సీసీ, బీసీసీ నాలుగింటినీ కలిపి వెతికే ఎంపిక ఉంది. గమనించాల్సింది ఏమిటంటే, ఇది మనం పంపినవాటికే. మనల్ని ఎవరో బీసీసీలో పెట్టి పంపిన మెయిల్‌లను ఇలా వెతికి పట్టలేం, వాటి హెడర్లలో ఆ వరుసే ఉండదు కదా.

పంపినవాడికే కనబడని సందర్భాలు

కొన్నిసార్లు విప్పి చూసినా, మూలపాఠం తిరగేసినా బీసీసీ ఉండదు. ఇది కల కాదు, మనం మర్చిపోయిందీ కాదు. చాలాసార్లు మెయిల్ ఒక చోటి నుంచి పంపి, ఇంకోచోట వెతకడమే కారణం.

వచ్చిన మెయిల్‌ను కంప్యూటర్‌లోకి దించుకునే పాత పాప్ పద్ధతిలో నడుస్తుంటే పంపిన నకలు పంపిన కంప్యూటర్‌లోనే ఆగిపోతుంది. ఆఫీసు కంప్యూటర్ నుంచి పంపినది ఫోన్‌లో వెతికితే దొరకదు. అదే ఐమ్యాప్ పద్ధతిలో అయితే నకలు సర్వర్ మీదికి ఎక్కుతుంది కాబట్టి ఎక్కడి నుంచైనా చూడొచ్చు, కానీ ఆ నకలును ఎక్కించేది పంపిన ప్రోగ్రామే. అది బీసీసీ వరుసను ఉంచి ఎక్కించిందా, తీసేసి ఎక్కించిందా అన్నది దాన్ని రాసినవాళ్ల ఇష్టం. ఒకసారి తీసేసి దాచాక ఇంకే ప్రోగ్రామ్‌తో తెరిచినా ఆ పేర్లు రావు.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ల నుంచి, కాలేజీ ఫీజు పోర్టళ్ల నుంచి, వెబ్‌సైటు ఫారాల నుంచి వెళ్లే మెయిల్‌ల కథ ఇంకో రకం. అవి నేరుగా సర్వర్‌తో మాట్లాడి పంపేస్తాయి, చాలావాటికి సెంట్ ఫోల్డర్ అనే ఆలోచనే ఉండదు. లినక్స్ సర్వర్లలో ఎప్పటి నుంచో ఉన్న సెండ్‌మెయిల్ అనే మెయిల్ పంపే ప్రోగ్రామ్ సంగతి చూడండి. ఉత్తరంలోని హెడర్లు చదివి అడ్రసులు ఏరుకోమని దానికి చెబితే, టు, సీసీ, బీసీసీ మూడూ చదివి కవరు రాసుకుని, ఆ తర్వాత బీసీసీ వరుసను తుడిచేస్తుంది. అది సరైన పనే. నకలు ముందే దాచుకోకపోతే మాత్రం మన దగ్గర ఏమీ మిగలదు.

మెయిల్ మెర్జ్ కూడా తికమక పెడుతుంది. భూదాన్ పోచంపల్లిలో చీరలు నేయించే ఒక సంఘం రెండు వందల షాపులకు కొత్త డిజైన్ల ఫోటోలు పంపాలనుకుంటే, మెర్జ్‌లో పంపితే రెండు వందల వేర్వేరు మెయిల్‌లు వెళతాయి, ఒక్కోదాంట్లో టు దగ్గర ఒక్క షాపు పేరు. బయటికి చూస్తే బీసీసీ చేసే పనే ఇదీ చేసింది, కానీ ఇందులో దాచిన పేరంటూ లేదు, కాబట్టి బీసీసీ వెతుకులాటలో ఒక్కటీ తగలదు.

అందుకున్నవాడు కనిపెట్టగలడా

నేరుగా అయితే లేదు. కానీ దారి మధ్యలో కొన్ని ఆనవాళ్లు మిగులుతాయి, వాటిని చూసే బీసీసీ బయటపడుతుందన్న ప్రచారం పుట్టింది.

మొదటిది, తన గురించి తనకు తెలుస్తుంది. నాకు మెయిల్ వచ్చింది, టు లో సీసీలో నా పేరు లేదు, అంటే నన్ను బీసీసీలో పెట్టారు, లేదా నేనున్న గ్రూపు అడ్రసుకు పంపారు. జీమెయిల్ ఇలాంటప్పుడు 'బీసీసీ: మీ' అని చూపిస్తుంది కూడా. మూలపాఠంలో డెలివర్డ్ టు అనే వరుసలోనూ, సర్వర్లు ముద్ర వేసినట్టు రాసే రిసీవ్డ్ వరుసల చివరా నా అడ్రసు ఉండొచ్చు. అవి నా కాపీ మీద నా అడ్రసు గురించే చెబుతాయి, పక్కవాడి సంగతి చెప్పవు. అయినా ఆ రిసీవ్డ్ వరుసల్లో అడ్రసు రాయడం వల్ల రహస్యం బయటికి పొక్కవచ్చని ఎస్‌ఎమ్‌టీపీ ప్రమాణమే హెచ్చరిస్తుంది, కావాలంటే బీసీసీలో ఉన్న ఒక్కొక్కరికీ విడిగా పంపుకోవచ్చని కూడా చెబుతుంది.

రెండోది, ఆర్‌ఎఫ్‌సీ 5322 బీసీసీని నడిపే మూడు తీర్లను ఒప్పుకుంటుంది. అందరి కాపీల్లోంచీ ఆ వరుస తీసేయడం ఒకటి. టు, సీసీ వాళ్లకు తీసేసి, బీసీసీ వాళ్లకు మాత్రం ఆ వరుస ఉంచి పంపడం ఇంకొకటి. అడ్రసులు లేకుండా ఖాళీ బీసీసీ వరుసను ఉంచడం మూడోది, అంటే ఎవరో ఉన్నారు కానీ ఎవరో చెప్పం అన్నట్టు. నేడు ఎక్కువ ప్రోగ్రామ్‌లు మొదటి తీరులో నడుస్తాయి. కానీ రెండోదీ నియమానికి లోబడినదే కాబట్టి, బీసీసీలో ఉన్నవాళ్లకు ఒకరి గురించి ఒకరికి ఎప్పటికీ తెలియదు అని ప్రమాణం హామీ ఇవ్వదు. ఇది చాలామందికి తెలియని విషయం.

మూడోది పీజీపీ గుప్తలేఖనం, అంటే తాళం ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చదవలేకుండా మెయిల్‌ను మార్చి పంపే పద్ధతి. మెయిల్‌ను గుప్తపరిచేటప్పుడు ప్రతి ఒక్కరి తాళంతోనూ విడిగా ముడి వేయాలి, మామూలుగా ఏయే తాళాలు వాడారో వాటి గుర్తింపు సంఖ్యలు మెయిల్‌లోనే ఉంటాయి. బీసీసీలో పెట్టినవాడి పేరు హెడర్లో లేకపోయినా అతని తాళం సంఖ్య అందరికీ కనబడుతుంది. రహస్యం కోసం వాడిన పనిముట్టే రహస్యాన్ని బయటపెట్టడం వింతే. దీనికి విరుగుడుగా, ఈ పద్ధతిని నడిపే గ్నూపీజీ అనే ప్రోగ్రామ్‌లో ఆ సంఖ్యలను దాచే ఎంపిక పెట్టారు.

ఇవన్నీ అరుదు. ఎక్కువసార్లు జరిగేది మాత్రం, బీసీసీలో ఉన్న మనిషి రిప్లై ఆల్ నొక్కడం. హెడ్‌మాస్టర్ ఒక టీచర్‌కు సంజాయిషీ అడుగుతూ మెయిల్ పంపి మండల విద్యాధికారిని బీసీసీలో పెట్టాడనుకోండి, అధికారి తొందరలో అందరికీ జవాబిస్తే టీచర్ ఇన్‌బాక్స్‌లో ఆ పేరు ప్రత్యక్షం.

ఆఫీసు సర్వర్‌కు అంతా తెలుసు

అందరూ పారేసిన కవరును ఒకరు మాత్రం చూసి రాసిపెట్టుకుంటారు, అది మెయిల్ సర్వర్. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్చేంజ్ ఆన్‌లైన్‌లో మెసేజ్ ట్రేస్ అని, గూగుల్ వర్క్‌స్పేస్‌లో ఈమెయిల్ లాగ్ సెర్చ్ అని అడ్మిన్లకు పరికరాలున్నాయి. ఎవరి నుంచి ఎవరికి, ఏ సమయానికి, చేరిందా తిరిగొచ్చిందా అన్నది అందులో అడ్రసువారీగా ఉంటుంది, టు అయినా బీసీసీ అయినా సర్వర్‌కు తేడా లేదు. జర్నలింగ్, అంటే మెయిల్‌ల నకళ్లను విడిగా దాచే ఏర్పాటు, పెట్టుకున్న సంస్థల్లో ప్రతి మెయిల్‌తో పాటు బీసీసీ పేర్లున్న నివేదిక కూడా భద్రమవుతుంది. కంపెనీ మెయిల్ నుంచి బీసీసీలో తన సొంత అడ్రసుకు ఫైళ్లు పంపుకునే ఉద్యోగి, సెంట్ ఫోల్డర్‌లో మెయిల్ డిలీట్ చేసినా లాగ్‌లో దొరికేది ఇందుకే. సొంత జీమెయిల్ ఖాతాకు మాత్రం మనకు అందుబాటులో ఉండే అడ్మిన్ లాగ్ లేదు, సెంట్ కాపీయే దిక్కు.

చూపించాలా, దాచాలా

పంపినవాడికి బీసీసీ పేర్లు ఒక క్లిక్కు వెనక ఎందుకు పెట్టాలి, నేరుగా చూపిస్తే పోలా అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల వాదన సబబే, అది పంపినవాడి సొంత సమాచారం, అతనికే కనబడకపోతే మిల్లు గుమాస్తా పరిస్థితే. అవతలి వైపు వాదనా తోసేయలేనిది. సెంట్‌లోని మెయిల్‌ను ప్రింట్ తీసి ఇవ్వడం, స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పెట్టడం, ఇంటర్నెట్ సెంటర్‌లో పక్కన నలుగురు నిలబడి ఉండగా తెరవడం మన దగ్గర రోజూ జరిగేవే, పేర్లు ఎదురుగా ఉంటే అవీ వెళ్లిపోతాయి. నాకైతే మధ్యేమార్గం బాగుంటుందనిపిస్తుంది, లిస్టులో పేర్లు వేయకుండా 'బీసీసీ 30' అని సంఖ్య ఒక్కటి చూపిస్తే చాలు.

అసలు బీసీసీ వాడటమే తప్పా అన్నది ఇంకో వాదన. ఇద్దరి మధ్య మాటను వాళ్లలో ఒకరికి తెలియకుండా మూడోవాడికి వినిపించడం నమ్మకద్రోహమని కొందరంటారు, పై అధికారిని చాటుగా చేర్చే అలవాటు గురించి వాళ్లు చెప్పేది నిజమే. కానీ ఒకరికొకరు తెలియని వందమందికి ఒకే సమాచారం పంపేటప్పుడు బీసీసీ పెట్టకపోవడమే తప్పవుతుంది. 2015లో లండన్‌లోని 56 డీన్ స్ట్రీట్ అనే క్లినిక్, హెచ్ఐవీ సేవలకు సంబంధించిన వార్తాలేఖను 781 మందికి బీసీసీ బదులు టు లో అడ్రసులు పెట్టి పంపింది, అందులో చాలామంది పూర్తి పేర్లు అందరికీ కనబడ్డాయి. మరుసటి ఏడాది ఆ ఆస్పత్రి ట్రస్టుకు 1,80,000 పౌండ్ల జరిమానా పడింది. 2021 సెప్టెంబరులో బ్రిటన్ రక్షణ శాఖ, తాలిబన్ల నుంచి తప్పించుకోవాలని ఎదురుచూస్తున్న అఫ్గాన్లకు ఇలాగే టు లో పెట్టి మెయిల్ పంపింది, 2023 డిసెంబరులో 3,50,000 పౌండ్ల జరిమానా కట్టాల్సి వచ్చింది. ఆ రెండో ఘటనలో బయటపడ్డ అడ్రసులు ప్రాణాలకే ముప్పు తేగలవి. టు పెట్టెకు కాస్త కిందే ఉన్న బీసీసీ పెట్టె వాడి ఉంటే సరిపోయేది.

బీసీసీలో పేరు కనబడితే చేరినట్టేనా

ఇక సూర్యాపేట డీలర్ లాంటి తగాదా ముదిరితే వచ్చే ప్రశ్న ఇది. సెంట్ కాపీలో బీసీసీ వరుసలో పేరుంటే, పంపినవాడు ఆ అడ్రసు పెట్టాడని తేలుతుంది. అవతలి ఇన్‌బాక్స్‌లో పడిందని తేలదు. అడ్రసులో ఒక అక్షరం తప్పితే మెయిల్ తిరిగొస్తుంది, ఆ తిరుగు నోటీసు పంపినవాడి ఇన్‌బాక్స్‌కే విడి మెయిల్‌గా వస్తుంది కానీ సెంట్ కాపీని మార్చదు. ఒక్కోసారి మెయిల్ చేరి స్పామ్‌లో పడుతుంది. బీసీసీలో గంపగుత్తగా పంపే మెయిల్‌లను ఫిల్టర్లు కొంచెం అనుమానంగానే చూస్తాయి. పైగా మామూలు జీమెయిల్ ఖాతాలో ఒక్క మెయిల్‌లో 500 మందికి మించి పెట్టినా, రోజుకు 500 మెయిల్‌లు దాటినా పంపడం ఆపేస్తారు. కాబట్టి చేరిందా లేదా తేల్చాలంటే ముందు ఆ తేదీ చుట్టుపక్కల తిరుగు నోటీసులు వెతకాలి, కంపెనీ ఖాతా అయితే అడ్మిన్ లాగ్ తీయించాలి.

కోర్టు దాకా వెళితే స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే సరిపోదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం ఉండాలి, అందులో ఒక భాగం రికార్డు దాఖలు చేసేవారు, ఇంకో భాగం నిపుణుడు నింపాలి, ఫైలు హ్యాష్ విలువ, అంటే ఫైలు మారలేదని పోల్చి చూడటానికి దాని నుంచి లెక్క కట్టే సంఖ్య, కూడా రాయాలి. హ్యాష్ లెక్క కట్టాలంటే మెయిల్ అసలు ఫైలు కావాలి. జీమెయిల్‌లో షో ఒరిజినల్ తెరిచి దించుకునే ఫైలు, థండర్‌బర్డ్‌లో సేవ్ యాజ్ ద్వారా వచ్చే ఫైలు అలాంటివి, వాటిలో బీసీసీ వరుస ఉందో లేదో వకీలు దగ్గరికి వెళ్లకముందే తెరిచి చూసుకోవచ్చు.